పెద్దబాపు చూడని దుబాయి

పెద్దబాపు పోయాడని ఆయన కొడుకు, మా అన్న ఫోన్ చేసినప్పుడు నేను జగిత్యాలలో బడికి బయల్దేరబోతూ టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాను. "చెల్లే, బాపు పోయిండు" అన్నాడు. "ఏడికి?" అని అడిగాను. మా ఇంట్లో ఆ మాటకు మొదటి అర్థం ఎప్పుడూ ప్రయాణమే. అవతల నుంచి అన్న ఏడుపు వినబడింది.

పొద్దున చాయ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడట. పెద్దమ్మ పిలిచిందట. పలకలేదు. మళ్లీ పిలిచి, "సాలు తియ్యి నీ యేషాలు, లే" అని కసిరిందట. ఆయన వేషాలు ఆమెకు కొత్త కాదు. ఇది వేషం కాదని తెలియడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది.

నేను సిరిసిల్లలో బస్సు దిగి, ఆటోలో మా వాడకట్టు వీధి మొదటికి చేరేసరికే ఫ్లెక్సీ కట్టేశారు. అందులో పెద్దబాపు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆయన వెనకాల మబ్బుల్లోకి పోయిన దుబాయి బిల్డింగు. కింద పెద్ద అక్షరాల్లో "దుబాయి పెద్దాయనకు కన్నీటి వీడ్కోలు" అని ఉంది. దారంతా ఏడుస్తూ వచ్చినదాన్ని అక్కడ నిలబడి నవ్వాను. ఆటో డ్రైవరు పైసలు తీసుకోవడం కూడా మరిచిపోయి నన్నే చూశాడు.

మా పెద్దబాపు జీవితంలో ఎన్నడూ దుబాయి పోలేదు. ఆ సంగతి ఫ్లెక్సీ కట్టినవాళ్లందరికీ తెలుసు.

"గిదేందన్నా?" అని అడిగితే, అన్న ముక్కు తుడుచుకుంటూ, "ఏం జేయాలె చెల్లే! ఎన్కకు దుబాయి లేకుంటె బాపును ఎవలు గుర్తువడుతరు అన్నరు" అన్నాడు.

అందుకే ఆయన గురించి మీకు చెప్పాలనిపించింది. మా వాడకట్టు వరకు అందరికీ తెలిసిన కథే. తెలియనివాళ్లకు ఆ ఫ్లెక్సీ ఒక్కటే మిగిలిపోతుంది.

పెద్దబాపు మా అమ్మ అక్క భర్త. కోరుట్లలో మా అమ్మ బీడీలు చేసేది. నాన్న లేడు. నా చదువు ఆగకూడదని నన్ను సిరిసిల్లలో అక్క ఇంట్లో ఉంచింది. అట్లా నేను ఆ ఇంటి బిడ్డనయ్యాను. పెద్దబాపు సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్‌లను మా దగ్గర సాంచాలంటారు. వాటి చప్పుడులో బతికేవాళ్లందరూ గట్టిగానే మాట్లాడతారు గాని, పెద్దబాపు వాళ్లకంటే ఒక మెట్టు పైన. ఆయన ఎవరి చెవిలోనైనా రహస్యం చెబితే పక్క వాడకట్టులో తలుపు తీసేవారు. అట్లాంటి మనిషి ఒకే ఒక్క రహస్యాన్ని ఏళ్ల తరబడి దాచుకున్నాడంటే, దానికోసం ఎంత కష్టపడి ఉంటాడో నాకు ఇప్పుడు అర్థమవుతుంది.

అప్పుడు సాంచాల పని సరిగ్గా నడవడం లేదు. జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి మగవాళ్లు దుబాయికి, మస్కట్‌కు బస్సుల్లో బయల్దేరిపోతున్నారు. మా వాడకట్టుకు కూడా ఒక ఏజెంటు వచ్చాడు. పెద్దబాపు పాస్‌పోర్టు తీశాడు. పోయే ముందు కొండగట్టు అంజన్న దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. వాడకట్టంతా కలిసి ఆయన మెడలో బంతిపూల దండ వేసింది. ఏజెంటు ఫోటో స్టూడియో అతన్ని పిలిపించి, దండతో సహా పెద్దబాపు ఫోటో తీయించాడు. ఆడవాళ్లు మంగళహారతి ఇచ్చారు. బస్సు కదిలాక కూడా ఆయన దండ తీయలేదని తర్వాత చాలామంది చెప్పుకున్నారు.

బొంబాయిలో ఒక గదిలో చాలామందిని కుక్కారట. "వీసాలు రేపు అస్తయి, నేను చాయ తాగొస్త" అని ఏజెంటు కిందికి దిగాడు. ఆ చాయ ఎంతకీ అయిపోలేదు. గదిలో ఉన్నవాళ్లు కొన్ని రోజులు చూసి, తిట్టుకుని, ఏడ్చి, ఎవరి ఊరికి వాళ్లు తిరిగిపోయారు. పెద్దబాపు పోలేదు.

"మెడల దండేసి తోలిండ్రు బిడ్డా" అన్నాడు నాతో చాలా ఏళ్ల తర్వాత. "గా పువ్వులింక వాడిపోనే లేదు. ఏం మొకం పెట్టుకొని అస్త?"

భివండికి పోతే సాంచాల పని దొరుకుతుంది. కానీ భివండి నిండా సిరిసిల్ల వాళ్లే. అందుకని ఆయన తెలుగు ముఖం కనబడని మాలేగావ్‌కు పోయాడు. అక్కడా సాంచాలే. ఇంటి దగ్గర సాంచాను విడిచిపెట్టి పారిపోయిన మనిషి, అన్ని ఊర్లు దాటి మళ్లీ సాంచా ముందరే నిలబడ్డాడు. పని చేసేది షెడ్డులో, పడుకునేది షెడ్డులో. నెల దాటాక ఇంటికి ఒక క్యాసెట్టు పంపాడు.

మా వాడకట్టులో టేప్‌రికార్డరు ఎదురింటి మామకు మాత్రమే ఉండేది. చెడిపోయిన సాంచాలను బాగు చేయడం ఆయన పని. టేప్‌రికార్డరును ఆయన ముంగిట్లో స్టూలు మీద పెట్టి, తుడిచి, మీట నొక్కాడు. ఆడవాళ్లు, పిల్లలు చుట్టూ చేరారు.

"అందరు మంచిగున్నరా? నేను మంచిగున్న" అన్నాడు పెద్దబాపు క్యాసెట్టులోంచి, ఎప్పట్లాగే అరుస్తూ. "దుబాయిల ఎండలు బగ్గ కొడుతున్నయి. గా సప్పుడు ఏంది అనుకుంటరేమో, గది ఏసీ. కంపెనీది. శాన పెద్ద ఏసీ. సప్పుడు జర ఎక్కువనే గని సల్లగుంటది."

టకాటకా, టకాటకా అని చప్పుడు వస్తూనే ఉంది. మా చుట్టూ వాడకట్టు సాంచాలు కూడా అదే చప్పుడు చేస్తున్నాయి. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే ఉన్నవాళ్లం, మాకు తేడా ఏం తెలుస్తుంది? "గంత సప్పుడు చేస్తె ఎంత సల్లగుంటదో!" అని ఒకావిడ కొంగుతో విసురుకుంటూ అంది.

ఆ తర్వాత ఎదురింటి మామ ఏసీ విషయంలో మా వాడకట్టుకు పెద్ద దిక్కయ్యాడు. చాలా కాలానికి ఒక బ్యాంకులో ఏసీ పెట్టినప్పుడు లోపలికి పోయి, కాసేపు చెవులు రిక్కించి నిలబడి, "గిది నడుస్తలేదు, సప్పుడే లేదు, మిమ్ముల మోసం జేసిండ్రు" అని మేనేజరుకు చెప్పి వచ్చాడు.

క్యాసెట్లు వస్తూనే ఉన్నాయి. వాటి మీద బొంబాయి ముద్ర ఉండేది. దుబాయి నుంచి వచ్చే దోస్తులు బొంబాయిలో పోస్టు చేస్తున్నారని క్యాసెట్టులోనే చెప్పేవాడు. ఇంటికి పైసలూ వచ్చేవి. ఇంతలో గల్ఫులో యుద్ధం మొదలైంది. యుద్ధం కువైట్‌లో జరిగితే మా వాడకట్టులో దుబాయికి ఏడ్చారు. అంత దూరం పోయాక అన్నీ ఒక్కటే అని వాళ్ల లెక్క. పెద్దమ్మ చుట్టూ ఆడవాళ్లు కూర్చుని, రేడియోలో బాంబు అన్న మాట వినబడినప్పుడల్లా గొల్లుమనేవాళ్లు. పెద్దమ్మ అందరికంటే ఎక్కువ ఏడ్చింది. అదే సమయంలో పెద్దబాపు మాలేగావ్‌లో వడాపావ్ తింటూ, తన క్షేమం గురించి ఎంత ఆందోళన ఉందో తెలియక, సాంచాకు నూలు ఎక్కించుకుంటున్నాడు.

తెలిశాక ఇక ఉండలేక, గడ్డం పెంచుకుని ఇంటికొచ్చాడు. బొంబాయి బజారులో కొన్న అత్తరు, దుప్పటి, తలనొప్పి మందు, ఎదురింటి మామకు ఒక గడియారం తెచ్చాడు. వాడకట్టంతా యుద్ధం తప్పించుకుని వచ్చిన మనిషిని చూడటానికి వచ్చింది.

"బావా, బాంబులు వడుతుంటె సూసినవా?" అన్నాడు ఎదురింటి మామ.

"లేదు, సూడలే."

"ఎందుకు సూడలే?"

పెద్దబాపు ఒక్క క్షణం ఆలోచించి, "భయానికి కండ్లు మూసుకున్న" అన్నాడు.

అంతమందిలో భయపడ్డానని ఒప్పుకున్న మగవాడిని మా వాడకట్టు అంతవరకు చూడలేదు. ఆయన గౌరవం ఇంకా పెరిగింది. గడియారం గంటన్నర వెనక్కి ఉందని మామ అడిగితే, "గది దుబాయి టైము" అన్నాడు. మామ దాన్ని మార్చలేదు. ఆ రోజు నుంచి ఏ పెళ్లికి పోయినా మామ తలంబ్రాలు అయిపోయాకే కనబడేవాడు.

ఆయన మాలేగావ్‌కు తిరిగిపోక ముందే మా కోరుట్లలో ఒక పెళ్లి జరిగింది. అక్కడ పెద్దబాపుకు నిజమైన ప్రమాదం ఎదురైంది. బీర్పూర్ నుంచి వచ్చిన ఒకాయన నిజంగా దుబాయిలో ఉంటాడట. సెలవు మీద వచ్చాడు. ఎవరో ఉత్సాహవంతులు ఇద్దరినీ భోజనాల బంతిలో పక్కపక్కన కూర్చోబెట్టి, "ఇద్దరు దుబాయోళ్లు కలిసిండ్రు, ఇగ మాట్లాడుకోండ్రి" అని చుట్టూ నిలబడ్డారు.

"మీరు ఏ దిక్కు ఉంటరు?" అన్నాడు బీర్పూర్ ఆయన.

"మధ్యల" అన్నాడు పెద్దబాపు.

"మధ్యల అంటె?"

"సముద్రానికి జర ఇవతల."

బీర్పూర్ ఆయన ముద్ద కలపడం ఆపి పెద్దబాపు ముఖంలోకి చూశాడు. పెద్దబాపు పప్పులోకి చూశాడు. అప్పుడే పెళ్లికూతురి తండ్రి వంగి, బీర్పూర్ ఆయనతో, "మీరు ఆడ మేనేజరట గదా!" అన్నాడు. బీర్పూర్ ఆయనకు పొరబోయింది. నీళ్లు తాగాడు.

పెద్దబాపుకు ఏం తోచిందో గాని, గట్టిగా అన్నాడు: "ఔ, గీయన్ను నేను సూసిన. తిరుగుడు కుర్సీల కూసుంటడు. మస్తు మంది గీయనకు సలాం కొడుతరు."

బీర్పూర్ ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, పొరబోయినందుకో ఇంకెందుకో. గొంతు సవరించుకుని, "నేను దినాం గీయన కంపెనీ ముంగట నుంచే పోత" అన్నాడు. ఎదురింటి మామ ఆగలేక, "ఏసీ శాన పెద్దదట గదా!" అని అడిగాడు. "అబ్బో! సప్పుడు సడక్ దాక ఇనవడ్తది" అన్నాడు బీర్పూర్ ఆయన.

చేతులు కడుక్కునే దగ్గర ఇద్దరూ ఒంటరిగా దొరికారు. అక్కడ జరిగింది పెద్దబాపు నాకు తర్వాత చెప్పాడు. బీర్పూర్ ఆయన దుబాయిలో మేనేజరు కాదు. ఎడారిలో ఒంటెలు కాస్తాడు. విమానం దిగినప్పుడు ఊరి లైట్లు చూశాడు, అంతే. తర్వాత ఇసుకే. పెద్దబాపు తన సంగతి కూడా చెప్పేశాడు. ఇద్దరూ పందిరి గుంజ పట్టుకుని, కడుపు నొప్పి వచ్చేదాకా నవ్వుకున్నారట. చివరికి బీర్పూర్ ఆయన అడిగాడు: "నువ్వు దుబాయి గురించి మస్తు చెప్తవట గదా. నా పెండ్లాం దినాం అడుగుతది. నాకు ఇసుక తప్ప ఏం తెల్వది. జర నాకు గుడ చెప్పు."

పెద్దబాపు చెప్పాడు. దుబాయి గురించి చెప్పేటప్పుడు ఆయన కళ్లు మూసుకునేవాడు. పాలరాయి రోడ్లు, పగలు కూడా వెలిగే దీపాలు, ఇంటి ముందర నీళ్లు చిమ్మే ఫౌంటెన్లు. దుబాయి నుంచి వచ్చినాయన దుబాయి పోనాయన దగ్గర దుబాయి నేర్చుకుని బీర్పూర్‌కు పోయాడు.

కొన్నాళ్లకు సాంచాల పని కాస్త పుంజుకుంది. పెద్దబాపు "దుబాయి ఇగ సాలు" అని ఇంటికొచ్చేశాడు. కథ అక్కడితో ముగిసేదే. కానీ తర్వాత వచ్చిన రోజులు ముందటికంటే పాడైనవి. సిరిసిల్లలో సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బట్ట కొనేవాడు లేడు. వాడకట్టులో పొద్దున లేస్తే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్లు. బతకలేక ప్రాణం తీసుకున్నవాళ్ల వార్తలు పక్క వాడల నుంచి వచ్చేవి. అప్పుడు ఎవరూ గట్టిగా ఏడ్చేవాళ్లు కాదు. తమ ఇంటి దూలం వైపు చూసి, పిల్లలను దగ్గరికి తీసుకునేవాళ్లు.

అన్న అప్పటికి పెరిగాడు. "బాపు, నన్ను గుడ దుబాయి తోలు. నీకు అందరు ఎర్కే గదా" అని పట్టుబట్టాడు. పెద్దబాపు ఎన్ని సాకులు చెప్పినా వినలేదు. జగిత్యాలలో ఒక ఆఫీసు ఉందని, అక్కడ పాస్‌పోర్టు ఇస్తే పంపిస్తారని తెలుసుకుని, తండ్రిని వెంటబెట్టుకుని బయల్దేరాడు. వాడకట్టు కుర్రాళ్లు చాలామంది అదే ఆఫీసుకు పాస్‌పోర్టులు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నేను అప్పుడు జగిత్యాలలో టీచరు ట్రైనింగులో ఉన్నాను. నన్ను కూడా తోడు రమ్మన్నారు.

బస్టాండు దగ్గర మెట్లెక్కి పోతే ఒక గది. మెట్ల మీద పల్లెల నుంచి వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు. లోపల టేబులు వెనక జుట్టుకు రంగేసుకున్న మనిషి. ఆయన్ని చూడగానే పెద్దబాపు ఆగిపోయాడు. బొంబాయిలో చాయ తాగొస్తానని పోయినవాడే. ఇప్పుడు కొంచెం లావయ్యాడు.

అంతకంటే ముందు నా చూపు గోడ మీదికి పోయింది. అద్దం కట్టిన పెద్ద ఫోటో. బంతిపూల దండతో, నల్ల జుట్టుతో, చేతులు జోడించి నవ్వుతున్న పెద్దబాపు.

ఏజెంటు మా చూపు గమనించాడు. "గీయన సిరిసిల్లాయన. నేనే తోలిన. కావాలంటె పోయి సిరిసిల్లల అడుగుండ్రి, దుబాయి పెద్దాయన అంటె చిన్న పోరగాండ్లు గుడ చెప్తరు" అన్నాడు, పెద్దబాపు ముఖంలోకే చూస్తూ. గుర్తుపట్టలేదు. జుట్టు నెరిసి, బుగ్గలు పీక్కుపోయిన పెద్దబాపుకూ ఆ ఫోటోకూ సంబంధం ఉంటుందని అతనికి తోచలేదు.

పెద్దబాపు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. "గిప్పుడు ఏడున్నడు?" అని అడిగాడు.

"ఇంక ఏడుంటడు? దుబాయిలనే. సేటయిండు. కార్లున్నయి."

"కార్లా!" అన్నాడు పెద్దబాపు, ఆశ్చర్యపోయి. "ఇల్లు కట్టిండా?"

"కట్టకేం? ఇంటి ముంగట నీళ్లు సిమ్ముతయి, గదేందది..."

"ఫౌంటెన్" అన్నాడు పెద్దబాపు.

"ఆఁ, గదే."

తండ్రి ఫోటో గోడ మీద చూసిన అన్న ముఖం వెలిగిపోతోంది, ఏజెంటు మాటలు అతని చెవికి ఎక్కడమే లేదు. నాకేమీ అర్థం కావడం లేదు. పెద్దబాపు ఆ ఫోటో వైపు చాలాసేపు చూశాడు. మొదట కాస్త గర్వంగానే చూశాడని నాకు అనిపించింది. తర్వాత మెట్ల మీద కూర్చున్నవాళ్ల వైపు తిరిగి చూశాడు. వాళ్లందరూ కూడా ఆ ఫోటోనే చూస్తున్నారు. అప్పుడు ఆయన ముఖంలో రంగు పోయింది. లేచి, అన్న చేతిలోని పాస్‌పోర్టు లాక్కుని, ఏమీ మాట్లాడకుండా మెట్లు దిగాడు. ఆయన అట్లా మౌనంగా పోవడం చూసి భయమేసి, అన్న నన్ను కూడా వెంట రమ్మన్నాడు. బస్సులో సిరిసిల్ల దాకా పెద్దబాపు నోరు విప్పలేదు. నన్ను కూడా వెంట రమ్మన్నాడు.

వాడకట్టుకు రాగానే అందరినీ ఇంటి ముందరికి పిలిచి, గట్టిగా చెప్పాడు: "నేను దుబాయి పోలే. ఎన్నడు పోలే. మాలేగావ్‌ల సాంచాలు నడిపిన. గా ఏజెంటు దొంగ. ఎవ్వలు పాస్‌పోర్టు ఇయ్యకుండ్రి."

ఎవరూ నమ్మలేదు.

ఇన్నేళ్లు ఆయన చెప్పిన అబద్ధాలన్నీ ఎంతో శ్రద్ధగా నమ్మిన వాడకట్టు, ఆయన చెప్పిన మొదటి నిజాన్ని ఒక్క నోటితో కాదంది. "నువ్వు బాగువడ్డవు, మేము బాగువడొద్దు, గంతే గదా!" అని ఒకడు అన్నాడు. "పెద్దమనిషికి తిక్క లేసినట్టున్నది" అన్నారు ఇంకొకరు. ఎదురింటి మామ చెయ్యి పైకెత్తి గడియారం చూపించాడు.

"నువ్వు దుబాయి పోకుంటె గిదేడిది?"

"బొంబాయిది."

"బొంబాయిల దుబాయి టైము ఎట్లుంటది?"

పెద్దబాపు గోడకు ఒరిగి కూలబడ్డాడు. అన్న అందరికంటే ఎక్కువ కోపంగా ఉన్నాడు. "కొడుకు పోతానంటె అబద్ధం జెప్పే తండ్రిని నిన్నే సూస్తున్న" అన్నాడు. పెద్దబాపు తల వంచుకున్నాడు.

అప్పుడు పెద్దమ్మ లోపలికి పోయి, బియ్యం డబ్బా వెనక నుంచి మొదటి క్యాసెట్టు తెచ్చింది. మామ చేతిలో పెట్టి, "పెట్టు, ఇనుండ్రి" అంది.

మామ టేప్‌రికార్డరు తెచ్చి స్టూలు మీద పెట్టాడు. కరెంటు ఉంది. వాడకట్టులో ఒక్క సాంచా కూడా నడవడం లేదు. మీట నొక్కాడు. పెద్దబాపు పాత గొంతు లేచింది. "గా సప్పుడు ఏంది అనుకుంటరేమో, గది ఏసీ..."

టకాటకా. టకాటకా.

ఆ క్యాసెట్టును మా వాడకట్టు ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. విన్న ప్రతిసారీ అందులో ఏసీయే ఉంది. ఇప్పుడు చుట్టూ సాంచాలు చచ్చిపోయి, చీమ చిటుక్కుమంటే వినబడే ఆ మధ్యాహ్నం, అదే క్యాసెట్టులోంచి, అదే చప్పుడు, సాంచా అయి బయటికొచ్చింది. ఎదురింటి మామ వంగి చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు.

"గిది సాంచా" అన్నాడు. మళ్లీ విన్నాడు. "బెల్టు జర వదులున్నది."

"ఔ" అన్నాడు పెద్దబాపు కింద నుంచి. "వదులే ఉండె. ఎన్నిసార్లు చెప్పినా సేటు బాగు చేపియ్యలే."

ఆ ఒక్క మాటతో అందరూ నమ్మారు. ఒక ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చాలా రోజుల తర్వాత సాంచా చప్పుడు విన్నందుకు ఏడ్చిందో, పెద్దబాపు కోసం ఏడ్చిందో నాకు తెలియదు. అన్న వచ్చి తండ్రి పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. మామ మాత్రం గడియారం విప్పి పట్టుకుని, "మరి గిది?" అన్నాడు దీనంగా. "గది అసలు దుబాయి టైమే బావా. టైముల మోసం లేదు" అన్నాడు పెద్దబాపు. మామ మళ్లీ కట్టుకున్నాడు.

పెద్దమ్మకు మొదటి నుంచీ తెలుసు. ఒక కరెంటు కోత రోజు, సాంచాలు ఆగినప్పుడు, మామ దగ్గర టేప్‌రికార్డరు అడిగి తెచ్చుకుని, బ్యాటరీలు వేసి ఒంటరిగా విన్నదట. "మరి ఎందుకు చెప్పలే పెద్దమ్మా?" అని అడిగాను.

"నాకు ఎర్కైందని గాయనకు ఎర్కైతె, సిగ్గుకు ఇగ ఇంటికి రాకపోవునేమో బిడ్డా."

"మరి యుద్ధమప్పుడు అంత ఎందుకు ఏడ్చినవు?"

"అందరు ఏడ్వవట్టిరి. నేను ఏడ్వకుంటె మంచిగుంటదా? జరసేపు ఊకెనే ఏడ్చిన. ఏడ్వంగ ఏడ్వంగ నిజంగనే భయమైంది. మాలేగావ్ మీద గుడ బాంబులు ఏస్తరేమో అని."

మర్నాడే పెద్దబాపు మమ్మల్ని వెంటబెట్టుకుని మళ్లీ జగిత్యాల వచ్చాడు. మెట్ల మీద కూర్చున్నవాళ్లతో, "గా ఫోటోల ఉన్నది నేనే. నేను దుబాయి పోలే" అని చెప్పాడు. వాళ్లు ఫోటోను, ఆయన్ను మార్చి మార్చి చూసి, "పో తాతా" అన్నారు. ఆయన కిందికి దిగి, బస్టాండు ముందర బంతిపూల దండ కొన్నాడు. మెడలో వేసుకుని, మెట్లెక్కి, ఫోటో కింద చేతులు జోడించి, అచ్చం అట్లాగే నవ్వుతూ నిలబడ్డాడు. అన్న, నేను సిగ్గుతో చచ్చిపోయాం. గది నిండా జనం మెల్లగా లేచారు. "గదే ముక్కు" అంది ఒకావిడ. "గదే నవ్వు" అన్నాడు ఇంకొకాయన. అప్పుడే లోపలికి వస్తున్న ఏజెంటు గుమ్మంలో ఆగిపోయాడు. ఈసారి గుర్తుపట్టాడు. "కూసోండ్రి, చాయ తాగొస్త" అని వెనుదిరిగాడు. జనం టేబులు సొరుగు తెరిచి ఎవరి పాస్‌పోర్టులు వాళ్లు తీసుకుపోయారు. ఆఫీసు మళ్లీ తెరుచుకోలేదు.

అంతకు ముందే ఆ ఫోటోను చూసి బొంబాయి పోయినవాళ్లు ఉన్నారు. వాళ్ల మాట వచ్చినప్పుడు పెద్దబాపు గొంతు తగ్గేది. ఆయన మెల్లగా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్క విషయంలోనే.

అన్న తర్వాత ఆటో కొనుక్కున్నాడు. పెద్దబాపును వాడకట్టు దుబాయి పెద్దాయన అని పిలవడం మానలేదు. గల్ఫుకు పోయే కుర్రాళ్లు ఆయన దగ్గరికే వచ్చి సలహాలు అడిగేవాళ్లు. "పోయిండనేదైతే అబద్ధమే గని, తెలిసిన మనిషి" అనేవాళ్లు.

నేను సైన్సు టీచరునయ్యాక, ఒక సెలవు రోజు ఆయనే అడిగాడు. చాయ గ్లాసు వెలుతురుకు ఎత్తి, రంగు చూసి, ఒక గుక్క తాగి అన్నాడు: "నేను పోని దుబాయి వాడకట్టంతటికి కనవడ్డది. నేనున్న మాలేగావ్ ఎవ్వలకు కనవడలే. ఏది ఉన్నట్టు బిడ్డా? ఏది లేనట్టు? నువ్వు చదువుకున్నవు గదా, చెప్పు."

నేను పాఠం మొదలుపెట్టాను. చూసేవాళ్లున్నా లేకపోయినా వస్తువు ఉంటుందని, చప్పుడు గాలిలో అలలని, చెవి దాన్ని పట్టుకుంటుందని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. చివరికి తన ఎడమ భుజం చూపించాడు. చలికాలం అది పైకి లేచేది కాదు.

"గిది మాలేగావ్‌ల వట్టిన నొప్పి. దుబాయిది ఒక్క నొప్పి గుడ లేదు నాకు. గందుకే నేను మాలేగావ్‌నే నమ్ముత" అన్నాడు. చాయ చివరి గుక్క తాగి, "గని దుబాయి మస్తుండె" అని నవ్వాడు.

పెద్దబాపు పోయిన మూడో రోజు పిట్టకు, అంటే కాకికి పిండం పెట్టడానికి మానేరు వాగు ఒడ్డుకు పోయాం. విస్తరాకులో అన్నం, కూర, సకినాలు, పక్కన చాయ పెట్టారు. కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడాలి. ఒక కాకి దూరంగా బండ మీద వాలింది గాని, ఇటు రాలేదు. ఎండ ఎక్కింది. పిల్లలు ఆకలన్నారు. కోరిక ఏదో తీరలేదని ఒకరన్నారు, కూరలో ఉప్పు తక్కువైందని ఇంకొకరన్నారు. ఆ మాటకు వంట చేసినవాళ్లు లేచారు. ఎదురింటి మామ మధ్యలోకి పోయాడు. అందరూ అటు తిరిగి వాదించుకుంటున్నప్పుడు పెద్దమ్మ గొంతు వినబడింది.

"ముట్టింది."

అందరం తిరిగి చూశాం. విస్తరాకు దగ్గర ఏమీ లేదు. బండ మీద కూడా ఏమీ లేదు.

"ఎప్పుడే అవ్వా? మేమెవ్వలం సూడలే" అన్నాడు అన్న తల్లితో.

"నేను సూసిన."

అన్న విస్తరాకు వైపు చూశాడు. అన్నం పెట్టినట్టే ఉంది. ఒక పక్కకు కాస్త జారిందంటే జారినట్టూ ఉంది. మామ కళ్లద్దాలు సవరించుకుని, వంగి, చాలాసేపు చూసి, "ముట్టింది" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చూశారు. ముట్టిందన్నారు. నేనూ చూశాను. ముట్టినట్టే ఉంది.

అందరూ స్నానాలకు నీళ్ల వైపు దిగారు. నేను వెనక్కి తిరిగి చూసినప్పుడు పెద్దమ్మ ఇంకా ఇసుకలో అక్కడే నిలబడి ఉంది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఖాళీ ఆకాశంలో పోతున్న దేన్నో అవతలి ఒడ్డు దాకా సాగనంపుతున్నట్టు ఆమె తల మెల్లమెల్లగా తిరుగుతోంది.